జీతానికి చదివింపులు

ప్రభుత్వం డబ్బిచ్చి బయటివాళ్లతో నడిపించే చార్టర్ స్కూళ్లు కావాలని కొందరు, వద్దని కొందరు, ఈమధ్య మళ్లీ టీవీలో అరుచుకుంటున్నారు. నేను సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని చూస్తూ ఉంటాను. సర్కారు బడి కానీ, తల్లిదండ్రులు పెట్టుకున్న బడి కానీ, చార్టర్ బడి కానీ, ఏ పేరు పెట్టినా డబ్బు చాలని బడి ముందు ఎవరో ఒకరు నిలబడి ఏదో ఒకటి వేయిస్తూనే ఉంటారు. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఆ దశాబ్దం చివర్లో, న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ నార్త్ షోర్‌లో, అలా వేయించినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పటికీ ఎక్కడైనా ఉల్లిపాయలు మాడుతున్న వాసన వస్తే నాకు స్కూలు బోర్డు మీటింగులే గుర్తొస్తాయి.

మా అబ్బాయి చదివిన బడి చాలా చిన్నది. ఎప్పుడో కొందరు తల్లిదండ్రులు కలిసి మొదలుపెట్టుకున్నారు. పరీక్షలూ ర్యాంకులూ లేకుండా, తోటపనీ వంటా బొమ్మలూ చేయిస్తూ చదువు చెప్పాలని వాళ్ల పట్టుదల. ఆ పట్టుదలంతా బడి ఆశయాల పత్రంలో రాసుకున్నారు కూడా. తర్వాత ప్రభుత్వం ఆ బడిని తన కిందికి తీసుకుంది. టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇచ్చేది. కరెంటు బిల్లు దగ్గర్నుంచి కప్పు కారితే రిపేరు దాకా, మిగతా వాటన్నిటికీ కలిపి ఇచ్చే గ్రాంటు ఏ మూలకీ వచ్చేది కాదు.

ఆ మిగతా వాటిలోనే టీచర్ ఎయిడ్ జీతం కూడా ఉండేది. టీచర్ ఎయిడ్ అంటే క్లాసులో ఇబ్బందిపడే పిల్లల పక్కన కూర్చుని సాయం చేసే మనిషి. టీచరుకి జీతం ప్రభుత్వం ఇస్తుందట, ఆ టీచరు పక్కన పనిచేసే మనిషి జీతం మాత్రం బడి వెతుక్కోవాలట! ఇదెక్కడి న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

బడిని నడిపే తల్లిదండ్రుల బోర్డులోకి నేను వెళ్లడం కూడా ఒక విచిత్రమే. తల్లిదండ్రుల మీటింగులో, విరాళాలు పోగుచేసే పని ఎవరు చూస్తారని అడిగారు. అందరూ ఒక్కసారిగా తమ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చి అలసిపోయి ఉన్నాను కదా, ఆ ప్రశ్న సరిగ్గా చెవిన పడక తలెత్తి గోడ గడియారం వంక చూశాను. అంతే. పక్కనున్న ఒకాయన, ఇండియన్లకి లెక్కలు బాగా వస్తాయి కదా, ఈమె అయితే సరిగ్గా సరిపోతుందన్నాడు. నాకేమో ఇంటర్లో లెక్కల పరీక్ష అంటే చలిజ్వరం వచ్చేది. పక్కనే ఆల్బనీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం, అంతకుమించి నాకు లెక్కలతో ఏ చుట్టరికమూ లేదు. ఇంటికెళ్లి చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు.

"నీకెందుకొచ్చిన తద్దినం చెప్పు? ఫీజు కట్టమంటే కడదాం. పనిచేసే వాళ్లు ఈ దేశంవాళ్లలోనే బోలెడు మంది ఉన్నారు."

"ఎక్కడున్నారు? అందరూ బూట్లు చూసుకుంటున్నారు," అన్నాను.

అసలు కారణం ఇద్దరికీ తెలుసు. మావాడి కోసం.

మావాడికి అప్పుడు ఏడేళ్లు. ఇంట్లో వాడి నోరు మూతపడేది కాదు. మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతూ, వంటింట్లో నా వెనకాలే తిరుగుతూ ప్రాణం తీసేవాడు. బడి గేటు దాటితే మాత్రం ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. ముందు చేర్చిన పెద్ద బడిలో ఏడాదిన్నర అలాగే గడిచింది. దాహమేసినా అడిగేవాడు కాదు. అక్కడి టీచరు, వీడికి ఇంగ్లీషు రాదేమో, ఇంట్లో తెలుగు ఆపెయ్యండని సలహా ఇచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. వాడికి వచ్చిందే ఇంగ్లీషు తల్లీ, అన్నాను. ఆవిడకేం అర్థమైందో ఏమో.

ఈ చిన్న బడికి మార్చాక వాడిని టీచర్ ఎయిడ్‌కి అప్పగించారు. దక్షిణాన డునెడిన్ ఊరి నుంచి వచ్చిన మనిషి, యాభై దాటి ఉంటుంది. పొడుగ్గా ఉండేది, నవ్విందంటే పక్క క్లాసుకి వినపడేది. అందరినీ లవ్ అనే పిలిచేది, ప్రిన్సిపాల్‌ని కూడా. కోపం వచ్చినా దాచుకునేది కాదు, ఆలస్యంగా వచ్చిన తల్లిదండ్రులని గేటు దగ్గరే కడిగేసేది. మావాడిని ఆవిడ ఏమీ అడగలేదు. వాడి పక్కన కూర్చుని తన పని తాను చేసుకుంటూ, తనలో తాను మాట్లాడుకునేదట. పుస్తకాలకి అట్టలు వేస్తూ, ఈ కత్తెర ఎవడు పాడు చేశాడు, ఈ జిగురు ఎందుకు ఎండిపోయింది అని సణుక్కునేదట. ఒకరోజు పుస్తకం తలకిందులుగా పట్టుకుని, తప్పులతడకగా పైకి చదవడం మొదలుపెట్టింది. మావాడు ఉండబట్టలేక, అది అలా కాదు, అని పుస్తకం లాక్కుని సరిచేసి చదివాడట. ఆ సాయంత్రం ఆవిడ గేటు దగ్గర నాకీ సంగతి చెబుతుంటే నేను అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను. ఆవిడ నా వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచి, "వీడికి నోరుంది లవ్, మనం మాట్లాడనిస్తే కదా," అంది. ఆ తర్వాత వాడు ఆవిడతోనే మాట్లాడేవాడు. ఆవిడ పక్కనుంటే ఇంకొకరితో కూడా రెండు మాటలు మాట్లాడేవాడు. ఆవిడ లేని రోజు మళ్లీ నోరు కుట్టేసినట్టు ఉండేవాడు.

కాబట్టి ఆవిడ పని ఉండాలి. దానికి డబ్బు రావాలి. అందుకోసం నేను వేయించాలి.

శనివారాలు పెద్ద ఇనుప సామాన్ల కొట్టు బయట చిన్న గుడారం వేసి, మాంసంతో చేసిన సాసేజులు కాల్చి బ్రెడ్డులో పెట్టి అమ్మేవాళ్లం. ఇక్కడ ఏ బడికి డబ్బు కావలసినా మొదట చేసే పని అదే. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని దాన్ని, పొడుగు పటకారుతో సాసేజులు తిప్పుతూ, ఉల్లిపాయలు వేయాలా, టొమాటో సాసు కావాలా అని వచ్చేపోయే వాళ్లని అడుగుతూ నిలబడేదాన్ని. మా ఆయన దూరంగా కారులో కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఇంటికొచ్చి తలస్నానం చేసినా వాసన పోయేది కాదు. తర్వాత చాక్లెట్ల అమ్మకం, తర్వాత క్విజ్ నైటు, తర్వాత పాత బట్టల సంత. ప్రతిదానికీ అవే నాలుగు మొహాలు వచ్చేవి. తల్లిదండ్రులు ఏటా ఇవ్వాల్సిన విరాళం ఒకటుండేది కానీ, అది ఇష్టముంటేనే ఇవ్వాలని చట్టం. కొందరికి ఇవ్వడానికి లేదు పాపం, వాళ్లని ఏమీ అనను. ఉన్నవాళ్లు కొందరు కూడా, ప్రభుత్వం చూసుకోవాలి కదా అని భుజాలెగరేసేవాళ్లు. ప్రభుత్వం వాళ్లేమో, స్థానికంగా పోగుచేసుకోండి అనేవాళ్లు. మధ్యలో మా ప్రాణం ఉసూరుమనేది.

ఒక చలికాలం మీటింగులో ప్రిన్సిపాల్ చేతులెత్తేశాడు. మంచి మనిషే, వానలో కూడా సైకిలు మీద వచ్చేవాడు. ఈ టర్ము దాటాక టీచర్ ఎయిడ్‌ని ఉంచుకోలేం, వేరే దారి కనపడటం లేదు, అన్నాడు. మీరందరూ చాలా కష్టపడుతున్నారని కూడా అన్నాడు. ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా కష్టం సంగతి అవతల పెట్టండి. మావాడి సంగతేంటి?" అన్నాను. అనకూడదు, బోర్డులో కూర్చున్నప్పుడు సొంత పిల్లల మాట ఎత్తకూడదని రూలు. అందరూ మర్యాదగా కాఫీ కప్పుల్లోకి చూశారు.

అప్పుడే మైకు అంకుల్ రంగంలోకి దిగాడు. ఆయనకి ఆ పేరు మేమే పెట్టుకున్నాం. గుంటూరు వైపు మనిషి, ఇక్కడ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆక్లండ్‌లో తెలుగువాళ్ల ఏ ఫంక్షన్ జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉండేది, మళ్లీ తీసుకోవాలంటే తాతలు దిగిరావాలి. ఆయన మనవరాలు మా బడిలోనే చదివేది.

"బడిలో మన భోజనం పెడదాం అమ్మా. టిక్కెట్టు పెట్టు. కానీ అసలు డబ్బు టిక్కెట్లలో రాదు," అన్నాడు.

"మరెందులో వస్తుంది అంకుల్?"

"చదివింపుల్లో. మనవాళ్లని కవరు గుట్టుగా పెట్టెలో వెయ్యమంటే ఇరవై వేస్తారు. మైకులో చదువుతానను, వంద ఇస్తారు. పక్కవాడు వంద అంటే నూటపదహార్లు ఇస్తారు. పెళ్లిళ్లలో చూళ్లేదా ఏంటి నువ్వు?"

నాకు నవ్వొచ్చింది. నిజమే కదా అనిపించింది కూడా. ప్రిన్సిపాల్‌కి చెబితే, మీ సంస్కృతిని మాతో పంచుకుంటున్నారు, ఎంత బాగుందో అన్నాడు. బోర్డంతా తలలూపింది. ఎవరి జీతం కోసం ఇదంతా చేస్తున్నామో ఆ మనిషిని మాత్రం ఎవ్వరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

భోజనాలు పెట్టిన శనివారం సాయంత్రం ఒకటే వాన. అయినా హాలు నిండిపోయింది. ఆల్బనీ నుంచీ, సిటీ అవతల నుంచీ కూడా మనవాళ్లు వచ్చారు. నేను వంటగదిలో మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను, అక్కడి కిటికీలోంచి స్టేజీ కనపడేది. మా టీచర్ ఎయిడ్ కూడా వచ్చింది. భోజనానికి కాదు, ఏప్రన్ కట్టుకుని గిన్నెలు కడగడానికి. బజ్జీ కొరికి, కళ్లలో నీళ్లొస్తుంటే, నన్ను చంపడానికి పిలిచావా అని పెద్దగా నవ్వింది.

పులిహోర అయ్యాక అంకుల్ మైకు అందుకున్నాడు. ఇక చూసుకోండి! "నెల్లూరు వాస్తవ్యులు, ప్రస్తుతం ఆల్బనీ నివాసులు, శ్రీమతి అండ్ శ్రీ ఫలానా దంపతులు, అక్షరాలా నూటపదహారు డాలర్లు!" అని చదివి, వెంటనే ఇంగ్లీషులో కూడా చదివాడు. హాలంతా చప్పట్లు. ఇంకొకాయన లేచాడు. ఆయనది కర్నూలు, నెల్లూరు వాళ్లకన్నా పదహారు ఎక్కువ అన్నాడు. కివీ తల్లిదండ్రులకి, అంటే ఇక్కడివాళ్లకి, మొదట అయోమయంగా ఉన్నా, కాసేపట్లో వాళ్లకీ హుషారొచ్చింది. ప్లంబర్ పని చేసే ఒక తండ్రి చెయ్యెత్తి యాభై అన్నాడు. "ప్లంబర్ గారు, యాభై డాలర్లు, గివ్ హిమ్ ఎ బిగ్ హ్యాండ్!" అన్నాడు అంకుల్. మా ఆయన కూడా, నీకెందుకొచ్చిన తద్దినం అన్న మనిషే, ఊపులో లేచి నేను అనుకున్నదానికి రెట్టింపు చదివించాడు. మావాడు కుర్చీ ఎక్కి గెంతుతున్నాడు. నేను గరిటె పట్టుకుని నవ్వుతున్నాను. చాలా కాలం తర్వాత, గట్టెక్కాం రా దేవుడా అనిపించింది.

అక్కడితో ఆగితే బాగుండేది. అంకుల్‌కి పూనకం వచ్చేసింది. స్టేజీ మధ్యలో కుర్చీ వేయించాడు. "ఎవరి కోసం ఈ శుభకార్యమో, ఆ మేడమ్ గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం," అన్నాడు. ఆవిడ నా పక్కన సింకు దగ్గరుంది. చేతులకి సబ్బు నురగ. ఏమంటున్నాడాయన, అంది. నిన్ను సన్మానిస్తారట వెళ్లు, అని నేనే తోశాను. ఆవిడ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వెళ్లింది. కూర్చోబెట్టి జరీ శాలువా కప్పారు, పూలదండ వేశారు. అంకుల్ ఇంగ్లీషులో అందుకున్నాడు. "ఈ డబ్బంతా మన మేడమ్ గారి జీతం కోసం. మనం ఇవ్వకపోతే మేడమ్‌కి ఉద్యోగం లేదు. ఇంకా ఎవరు ఆదుకుంటారు? ఇంకా ఎవరు?" ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి, ఆవిడ ఒళ్లో కవరు పెట్టి, చెయ్యి కలిపి, పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్లారు. మన పెళ్లిళ్లలో దిగినట్టే.

కిటికీలోంచి నాకు ఆవిడ మొహం కనపడింది. నవ్వుతూనే ఉంది. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. కవర్లని చేత్తో ముట్టుకోలేదు, ఒళ్లోంచి జారిపోతుంటే మోకాళ్లు దగ్గరికి చేర్చుకుంది. వెళ్లి ఆపాలా? ఏమని ఆపను? ఈలోగా మూకుడులో బజ్జీలు నల్లబడుతుంటే ఇటు తిరిగాను.

సోమవారానికల్లా తెలిసింది, ఏడాది జీతానికి సరిపడా డబ్బు వచ్చింది. మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ బడికి పరుగెత్తాను. ఆవిడ ఖాళీ క్లాసులో కుర్చీలు సర్దుతోంది. శాలువా మడతపెట్టి, బల్ల మీద సిద్ధంగా ఉంది.

"ఇది మీవాళ్లకి ఇచ్చెయ్ లవ్. చాలా బాగుంది, నాకు దాంతో పని లేదు. టర్ము అయ్యాక నేను రాను. ప్రిన్సిపాల్‌కి చెప్పేశాను."

"డబ్బు వచ్చింది! ఏడాదికి సరిపోతుంది!" అన్నాను, చెవిటివాళ్లకి చెప్పినట్టు.

"తెలుసు. పొద్దున్నే గేటు దగ్గర ఒకావిడ చెప్పింది. మేము నీకు సాయం చెయ్యగలిగినందుకు చాలా సంతోషంగా ఉందట. నిన్న సూపర్‌మార్కెట్‌లో ఒకాయన, నీకు యాభై ఇచ్చింది నేనే అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. ఏం చెప్పను మరి? ఇన్నేళ్లుగా ఇక్కడ పని చేస్తున్నాను. పని చేసి జీతం తీసుకున్నాను. ఇప్పుడు ఏడాదంతా అందరికీ థాంక్స్ చెబుతూ తిరగాలా?"

"అది సన్మానం. మా వైపు గొప్పవాళ్లకే చేస్తారు. నిన్ను కించపరచాలని కాదు."

"నాకు తెలుసు. అందుకే చివరిదాకా కూర్చున్నాను. కానీ ఒక్కటి చెప్పు. ప్రిన్సిపాల్ జీతం కోసం ఆయన్ని అలా కుర్చీలో కూర్చోబెడతారా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీ అభిమానం సరే. మరి మావాడు? వాడి గతేంటి?" అని అడిగేశాను.

ఆవిడ చేతిలో కుర్చీ కింద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం కటువుగానే ఉంది. "అది నా మీద పెట్టకు. అది అన్యాయం లవ్. వాడి కోసమే ఇన్నాళ్లూ, ఎప్పుడు పొమ్మంటారో తెలియకపోయినా, ప్రతి టర్ముకీ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను." వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పని దొరికిందని చెప్పింది. జీతం దాదాపు అంతేనట. అది ఎవరూ పోగుచెయ్యక్కర్లేదట.

ఇంటికొచ్చి అందరి మీదా విరుచుకుపడ్డాను. ముందు మైకు అంకుల్‌కి ఫోన్ చేశాను. ఆయన నిర్ఘాంతపోయాడు. "అదేంటమ్మా! సొంత తోబుట్టువులా శాలువా కప్పి, దండ వేశాం కదా! మా ఆవిడ వెతికి వెతికి తెచ్చింది ఆ శాలువా," అన్నాడు. గొంతులో నిజంగా బాధ ఉంది. ఆ ముసలాయన్ని ఏమనను? ఆయన దగ్గరున్న మర్యాదల్లో అన్నిటికన్నా పెద్దది ఆయన చేశాడు. ప్రిన్సిపాల్‌ని ఏమనను? ఆవిడ మీదా కోపం వచ్చింది, ఒప్పుకుంటాను, ఏమిటీ మొండితనం అనుకున్నాను. ఆ రాత్రి పడుకుంటే నిద్ర రాలేదు. నా జీతం నెలనెలా బ్యాంకులో చప్పుడు లేకుండా పడుతుంది. ఎవరి దయ అని నన్ను ఎవరూ అడగరు. అది ఒక సౌఖ్యమని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. విసుగూ నీరసమూ కలిసి ఒళ్లంతా సీసం పోసినట్టు అయిపోయింది.

టర్ము ఆఖరి రోజున ఆవిడ మావాడిని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు చదివించుకుంది. గేటు దగ్గర వాడి జుట్టు చెరిపేసి, నా వంక చూసి తలూపి, గబగబా వెళ్లిపోయింది. మావాడు ఏడవలేదు. కారులో వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. సెలవుల తర్వాత ఇంకో మంచి టీచర్ ఎయిడ్ వస్తుంది, డబ్బు కూడా ఉంది, అని నేనే ఏదో చెప్పుకుంటూ పోతున్నాను.

"అమ్మా," అన్నాడు వాడు ఇంగ్లీషులో. "డాడీ ఇంకా ఎక్కువ ఇవ్వాల్సింది."

"దేనికి నాన్నా?"

"ఆమె కోసం. మైకు అంకుల్ అందరివీ చదివాడు కదా. ప్లంబర్ వాళ్లకన్నా మనమే ఎక్కువ. అయినా చాలలేదు."

బండి పక్కకి తీసి ఆపాను. "చాలింది కన్నా," అన్నాను. "డబ్బు చాలింది."

వాడు ముందుకి వంగి, నేను అబద్ధమేమన్నా చెబుతున్నానేమో అని నా మొహంలోకి చూశాడు.

"మరి అందరికన్నా ఎక్కువ ఎవరిచ్చారు? ఆమె ఇప్పుడు ఎవరిది?"